అరవైల పాప్ రికార్డుల్లో అసలు వాయించింది ఎవరు? తరచుగా అడిగే ప్రశ్నలు

అరవైల అమెరికన్, బ్రిటిష్ పాప్ ఇష్టపడేవాళ్లు నలుగురు చేరితే మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒకచోటికే వస్తుంది: “వాళ్లు అసలు వాయించనే లేదట కదా!” ఒకరు ఔనంటారు, ఇంకొకరు కాదంటారు, కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ మొదటినుంచీ అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఫర్వాలేదు, ఏ ప్రశ్నకు ఆ జవాబే. నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. “ఆ బాండ్ వాయించిందా, లేదా?” అని అడిగితే తగాదా తప్ప జవాబు రాదు. “ఆ పాట రికార్డు చేసిన రోజు ఆ గదిలో ఎవరున్నారు?” అని అడిగితే మాత్రం చాలాసార్లు తేలుతుంది.

## కొత్తగా వింటున్నవాళ్లకు

ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడా, ట్యూన్ కట్టేవాడా? ఇంతకీ ఏం చేస్తాడు?

మన సినిమా నిర్మాతను మనసులో పెట్టుకుంటే ఇక్కడ దారి తప్పుతాం. డబ్బు మామూలుగా రికార్డు కంపెనీది. పాట రాసేవాళ్లు వేరు. ఏ పాట ఎవరితో పాడించాలి, ఏ స్టూడియోకి వెళ్లాలి, వాయించడానికి ఎవరిని పిలవాలి, ఏ టేక్ ఉంచాలి, గొంతు ముందుకు రావాలా డ్రమ్స్ రావాలా అన్నవి తేల్చేది ప్రొడ్యూసర్. మన సంగీత దర్శకుడి పనిలోంచి బాణీ కట్టడం తీసేస్తే మిగిలేది దాదాపు ఇదే.

మళ్లీ మనిషికో తీరు. జార్జ్ మార్టిన్ లండన్‌లో పద్ధతిగా సంగీతం చదువుకున్నాడు, బీటిల్స్ పాటలకు తీగవాద్యాల స్వరాలు తానే రాసిచ్చేవాడు. ఫిల్ స్పెక్టర్‌కు పాట రచనలోనూ వాటా ఉండేది, కంపెనీ కూడా అతనిదే. ఇక టామ్ విల్సన్ 1965 జూన్‌లో చేసిన పని చూడండి. సైమన్ అండ్ గార్ఫంకెల్ అంతకు ముందే ఉత్త గిటార్‌తో పాడిన ‘సౌండ్ ఆఫ్ సైలెన్స్’ మీద, వాళ్లతో ఒక్క మాటైనా చెప్పకుండా, ఎలక్ట్రిక్ గిటార్, బేస్ (మంద్ర స్వరాల గిటార్), డ్రమ్స్ ఎక్కించాడు. ఆల్బమ్ అమ్ముడుపోక అప్పటికే ఎవరి దారిన వాళ్లు పోయిన ఆ జంట పాట 1966 జనవరిలో అమెరికాలో మొదటి స్థానంలో కూర్చుంది. రాసింది, పాడింది వాళ్లే. జనం విన్న రికార్డు మాత్రం విల్సన్ చేసినది.

సెషన్ ప్లేయర్లంటే ఏ బాండ్‌లోనూ చోటు దొరకనివాళ్లా?

సరిగ్గా తలకిందులు. బాండ్‌లో చేరడానికి స్నేహం చాలు. సెషన్‌కి, అంటే కూలీ తీసుకుని ఇంకొకరి రికార్డుకు వాయించడానికి, పిలుపు రావాలంటే ముందు పెట్టిన స్వరాల కాగితం అప్పటికప్పుడు చదివి, రెండో మూడో టేక్‌కల్లా తప్పు లేకుండా వాయించాలి. ఉదయం సర్ఫ్ పాట, మధ్యాహ్నం టీవీ ప్రకటన, రాత్రి సినిమా నేపథ్య సంగీతం. ఎక్కువమంది జాజ్ నుంచి వచ్చినవాళ్లు. గిటారిస్టు బార్నీ కెసెల్‌కి జాజ్‌లో అప్పటికే పెద్ద పేరు. డ్రమ్మర్ ఎర్ల్ పామర్ లాస్ ఏంజెలెస్ చేరకముందే న్యూ ఆర్లీన్స్‌లో లిటిల్ రిచర్డ్, ఫ్యాట్స్ డామినో రికార్డులకు వాయించాడు. రాక్ సంగీతం వాళ్లకు ప్రేమ కాదు, జీతం. అయినా ఆ జీతం పనిలోనే వాళ్ల అత్యుత్తమ వాయిద్యం ఉందని నాకు అనిపిస్తుంది, వాళ్లలో కొందరు ఒప్పుకోకపోయినా.

‘రెకింగ్ క్రూ’ అనే బాండ్ ఉండేదా?

లేదు. లాస్ ఏంజెలెస్‌లో ఒకరికొకరు తెలిసిన కొన్ని డజన్ల మంది వాద్యగాళ్లు ఉండేవారు, ఏ రోజు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వచ్చేవారు. హాల్ బ్లెయిన్, ఎర్ల్ పామర్ డ్రమ్స్. కేరల్ కే, జో ఆస్బర్న్, రే పోల్మన్ బేస్. టామీ టెడెస్కో, గ్లెన్ క్యాంప్‌బెల్ గిటార్. లియన్ రస్సెల్, లారీ నెక్టెల్, డాన్ రాండీ పియానో. ఇవి తరచుగా కనిపించే పేర్లే తప్ప పూర్తి జాబితా కాదు.

ఆ పేరు జనంలోకి వచ్చింది బ్లెయిన్ 1990లో తెచ్చిన ఆత్మకథతో. అరవైల్లో తమను ఎవరూ అలా పిలవలేదని కేరల్ కే గట్టిగా అంటారు. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవాన్ని ఆమె తిరస్కరించడానికి ఈ పేరు మీద అభ్యంతరం కూడా ఒక కారణం. మాట్లాడుకోవడానికి పేరు వీలుగా ఉంది కనుక వాడుకుందాం. దాన్ని బాండ్‌గా ఊహించుకోవడంతోనే చిక్కులు మొదలవుతాయి.

ఇలాంటివాళ్లు లాస్ ఏంజెలెస్‌లోనే ఉండేవారా?

హిట్ రికార్డులు పుట్టిన ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీకి ఫంక్ బ్రదర్స్. నాష్‌విల్‌లో ‘ఏ టీమ్’ అనిపించుకున్నవాళ్లు. బాబ్ డిలన్ 1966లో ‘బ్లాండ్ ఆన్ బ్లాండ్’ చాలా భాగం అక్కడే, వాళ్లతోనే చేశాడు. లండన్‌లో బిగ్ జిమ్ సలివన్, క్లెమ్ కాటినీ, ఇంకా కుర్రాడైన జిమ్మీ పేజ్.

నన్ను ఎక్కువ ఆపేసేది దక్షిణ రాష్ట్రాల కథ. మెంఫిస్‌లో పాత సినిమా హాలును స్టూడియో చేసుకున్న స్టాక్స్ కంపెనీలో బుకర్ టీ అండ్ ది ఎంజీస్ అంటే ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. బయట హోటల్లో కలిసి కూర్చుని తినడం కూడా గొడవయ్యే ఊళ్లో లోపల కలిసి వాయించారు. అలబామాలోని మజిల్ షోల్స్‌లో రిక్ హాల్ నడిపిన ఫేమ్ స్టూడియోలో విల్సన్ పికెట్, అరీతా ఫ్రాంక్లిన్ వెనక వాయించిన రిథమ్ సెక్షన్ (డ్రమ్స్, బేస్, గిటార్, పియానో వాయించే జట్టు) తెల్ల కుర్రాళ్లది. అరీతా 1967 జనవరిలో అక్కడ ఒక్క రోజే రికార్డు చేసింది, గొడవై వెళ్లిపోయింది. మిగతా పాటలకు ఆ కుర్రాళ్లనే న్యూయార్క్ రప్పించారు. వాళ్లలో నలుగురు 1969లో సొంత స్టూడియో పెట్టుకున్నారు.

## స్టూడియో తలుపు లోపల

‘వాల్ ఆఫ్ సౌండ్’ అంటే ఎకో ఎక్కువ పెట్టడమేనా?

స్పెక్టర్ రికార్డుల్లోని దట్టమైన శబ్దానికి ఆ పేరు. ఎకో అందులో ఒక భాగం. అసలు పని అంతకు ముందే, మనుషుల్ని కూర్చోబెట్టడంలో జరుగుతుంది. స్పెక్టర్ హాలీవుడ్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోకి ఒక్క పాట కోసం ఇరవైమంది దాకా పిలిచేవాడు. ముగ్గురు నలుగురు గిటారిస్టులు ఒకే వరస వాయించాలి. రెండు మూడు పియానోలు అదే వరసను పట్టుకోవాలి. ఎలక్ట్రిక్ బేస్ ఒకటి, నిలువు బేస్ ఒకటి. పైన గంటలు, గిలకలు, కాస్టనెట్లు. ఈ అమరికంతా కాగితం మీద పెట్టింది ఎక్కువగా అరేంజర్ జాక్ నిట్షే. గది చిన్నది, ఒకరి శబ్దం ఇంకొకరి మైకులోకి దూరిపోతుంది. పప్పు బాగా ఎనిపేశాక బద్ద విడిగా దొరకనట్టు, ఏ వాద్యం ఎక్కడుందో చెప్పలేని ముద్ద తయారయ్యేది. అది కావాలనే చేసిన పని. దాన్ని తీసుకెళ్లి స్టూడియో యజమానుల్లో ఒకరైన డేవిడ్ గోల్డ్ కట్టిన ఎకో గదిలో స్పీకరు ద్వారా వదిలి, మళ్లీ మైకుతో పట్టేవారు.

ఇంజినీర్ లారీ లెవీన్ చెప్పిన సంగతి ఒకటుంది. 1962లో ‘జిప్-ఎ-డీ-డూ-డా’ రిహార్సల్ గంటల తరబడి సాగింది. మీటర్లు ఎర్రగీత దాటిపోయాయి. లెవీన్ విసిగి మైకులన్నీ ఆపేశాడు. స్పెక్టర్ మండిపడ్డాడు. ఒక్కొక్క మైకే మళ్లీ తెరుస్తూ వస్తుంటే, బిల్లీ స్ట్రేంజ్ గిటార్ మైకు ఒక్కటి మిగిలి ఉండగా స్పెక్టర్ “ఇదే, ఇదే కావాలి, రికార్డు చెయ్” అన్నాడు. అందుకే ఆ పాటలో గిటార్ సోలో దూరంనుంచి, పక్కవాళ్ల మైకుల్లో పడిన శబ్దంగా వినిపిస్తుంది.

ఒక సెషన్ ఎంతసేపు? ఎన్ని పాటలు?

అమెరికాలో సంగీతకారుల యూనియన్ నిబంధన ప్రకారం సెషన్ అంటే మూడు గంటలు. ఆ మూడు గంటల్లో పదిహేను నిమిషాలకు మించి సంగీతం పూర్తి చేయకూడదు. సింగిల్స్ (వైపుకో పాట ఉండే చిన్న రికార్డులు) రోజుల్లో మామూలు ప్రొడ్యూసర్ ఈ లెక్కలో మూడు నాలుగు పాటలు లాగేసేవాడు. లండన్‌లో ఈఎంఐ రికార్డు కంపెనీ వారి రోజు ఉదయం 10 నుంచి 1, మధ్యాహ్నం 2:30 నుంచి 5:30, రాత్రి 7 నుంచి 10. టైము దాటితే అదనపు కూలీ.

స్పెక్టర్ గానీ, అతన్ని చూసి నేర్చుకున్న బీచ్ బాయ్స్ బాండ్ బ్రయన్ విల్సన్ గానీ ఒక్క పాటకే సెషన్లు తినేసేవారు. బీచ్ బాయ్స్ ‘గుడ్ వైబ్రేషన్స్’ 1966 ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా నాలుగు స్టూడియోల్లో ముక్కలు ముక్కలుగా తీసి టేపు అతికించినది. వాద్యగాళ్లకు ఇబ్బందేమీ లేదు. అదే ముక్కను ఇరవైసార్లు వాయించినా గంటల లెక్కన డబ్బు వస్తుంది.

మూడు నాలుగు ట్రాకులతోనే అంత నిండైన శబ్దం ఎలా తెచ్చారు?

ముందే కలిపేసి. ట్రాకు అంటే టేపు మీద విడిగా రికార్డు చేసుకోగల ఒక్కో వరస. ఇప్పటిలా ప్రతి వాద్యాన్నీ విడిగా దాచుకుని తర్వాత చూసుకుందాంలే అనే వీలు లేదు. ఏది ఎంత వినపడాలో వాయిస్తున్నప్పుడే తేల్చుకోవాలి. చోటు చాలకపోతే నిండిన టేపును ఒక ట్రాకుగా కుదించి ఇంకో మెషీన్‌కి ఎక్కించేవారు. బీచ్ బాయ్స్ ఆల్బమ్ ‘పెట్ సౌండ్స్’లో చాలా పాటలకు వాద్యాలన్నీ వెస్టర్న్ స్టూడియోలో నాలుగు ట్రాకుల మీద తీసి, ఒకే మోనో ట్రాకుగా కలిపి, కొలంబియా వారి ఎనిమిది ట్రాకుల మెషీన్‌కి మార్చారు. మిగిలిన ట్రాకులన్నీ గొంతులకే. బీటిల్స్ 1967లో ‘సార్జంట్ పెప్పర్’ను కూడా నాలుగు ట్రాకుల మెషీన్ల మీదే చేశారు. ఇలా కుదించిన ప్రతిసారీ వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఆ రికార్డుల్లో తటపటాయింపు వినిపించకపోవడానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం.

మోటౌన్ పాటల్లో బేస్ మాత్రమే పట్టుకుని వింటారెందుకు?

జేమ్స్ జేమర్సన్ కోసం. అంతకు ముందు పాప్‌లో బేస్ అంటే పునాది స్వరం వేసి పక్కకు తప్పుకోవడం. ఆయన పాట కింద ఇంకో పాట పాడించాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు, అందుకే ఆ మెత్తని, మూసినట్టుండే నాదం. డెట్రాయిట్‌లో వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీద ఉన్న ఇంట్లో, వాద్యగాళ్లు ‘స్నేక్‌పిట్’ అని పిలుచుకున్న ఇరుకు గదిలో, బేస్‌ను నేరుగా మిక్సింగ్ డెస్క్‌కి కలిపి రికార్డు చేసేవారు. ఫోర్ టాప్స్ ‘బెర్నడెట్’ (1967) వినండి. ఒక్కసారి గొంతును వదిలేసి బేస్ వెంట నడిస్తే ఇంకేమీ చెప్పక్కర్లేదు.

## “వాయించింది వాళ్లు కాదట!” తగాదాలు

మంకీస్‌కి వాయించడమే రాదా?

వచ్చు. మంకీస్ ఒక టీవీ కార్యక్రమం కోసం కూర్చిన బాండ్. వాళ్లలో మైకెల్ నెస్మిత్, పీటర్ టార్క్ దానికి ఎంపిక కాకముందు నుంచే వాద్యగాళ్లు. 1966లో కార్యక్రమం మొదలయ్యేసరికి పాటలు సిద్ధంగా ఉండాలి కాబట్టి, మొదటి రెండు ఆల్బమ్‌లలో వాద్యాలు చాలావరకు సెషన్ వాళ్లవి, గొంతులు మంకీస్‌వి. సంగీతం చూసుకునే డాన్ కిర్ష్‌నర్‌తో ఇదే గొడవ ముదిరి 1967 మొదట్లో ఆయన బయటికి పోవాల్సి వచ్చింది. అదే ఏడాది వచ్చిన ‘హెడ్‌క్వార్టర్స్’లో చాలావరకు వాళ్లే వాయించారు, అదీ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. తర్వాతి రికార్డులకు మళ్లీ బయటివాళ్లను పిలుచుకున్నారు. అప్పటికి కావాలనుకుని పిలిచారు.

బర్డ్స్ బాండ్ సంగతేమిటి?

‘మిస్టర్ టాంబరీన్ మ్యాన్’ సింగిల్, దాని వెనక వైపు పాట, వాయించలేదన్న మాట ఈ రెండింటి వరకే నిజం. 1965 జనవరి 20న కొలంబియా స్టూడియోలో ప్రొడ్యూసర్ టెరీ మెల్చర్ బాండ్‌లో ఒక్క మెగ్విన్ చేతే వాద్యం పట్టించాడు, ఆ పన్నెండు తీగల గిటార్. మిగతా వాద్యాలు బ్లెయిన్, నెక్టెల్, లియన్ రస్సెల్, జెరీ కోల్‌లవి. మెగ్విన్‌తో పాటు జీన్ క్లార్క్, డేవిడ్ క్రాస్బీ పాడారు. ఆల్బమ్‌లో మిగిలిన పాటలు బాండ్ వాయించినవే. ఒక్క సింగిల్‌ను చూపించి “బర్డ్స్ వాయించలేదు” అనేవాళ్లు ఇప్పటికీ తగ్గలేదు.

‘పెట్ సౌండ్స్’ అసలు బ్రయన్ విల్సన్ సోలో రికార్డేనా?

వాద్యాల వరకు చూస్తే చాలావరకు బ్రయన్, సెషన్ వాళ్లదే. 1964 చివర్లో విమానంలో కుప్పకూలాక బ్రయన్ టూర్లు మానేశాడు. అతని బదులు కొన్ని నెలలు వేదిక మీద నిలబడ్డది గ్లెన్ క్యాంప్‌బెల్. 1966 జనవరిలో మిగతావాళ్లు జపాన్‌లో టూరులో ఉండగా ఇక్కడ బ్రయన్ ట్రాకులు వేయిస్తున్నాడు. అరేంజ్‌మెంట్లు అతని తలలోవే. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఎవరేం వాయించాలో చెప్పేవాడు.

అయినా సోలో అనను. ఆ ఆల్బమ్‌లో మనల్ని పట్టి ఆపేది గొంతుల అల్లిక. ‘గాడ్ ఓన్లీ నోస్’ పాడింది బ్రయన్ తమ్ముడు కార్ల్. ‘దట్స్ నాట్ మీ’లో వాద్యాలూ ఎక్కువగా అన్నదమ్ములవే. ఇక 1962–64 నాటి తొలి హిట్లలో చాలావాటికి బాండే వాయించింది. మొదటినుంచీ చివరిదాకా సెషన్ వాళ్లేనన్న మాట సెషన్ టేపుల ముందు నిలబడదు.

బీటిల్స్‌కి వేరే డ్రమ్మర్ వాయించాడని విన్నాను. నిజమా?

‘లవ్ మీ డూ’ విషయంలో నిజం. 1962 జూన్‌లో పాత డ్రమ్మర్ పీట్ బెస్ట్‌తో, సెప్టెంబరు 4న అతని బదులు వచ్చిన రింగోతో, సెప్టెంబరు 11న సెషన్ డ్రమ్మర్ ఆండీ వైట్‌తో, మొత్తం మూడుసార్లు తీశారు. మొదట అమ్మిన సింగిల్ మీద రింగో ఉన్నాడు, ఆల్బమ్‌లో వైట్ ఉన్నాడు. గుర్తు పట్టడం సులువు: టాంబరీన్ వినిపిస్తే డ్రమ్స్ వైట్‌వి, టాంబరీన్ రింగోది. బెర్నార్డ్ పర్డీ అనే గొప్ప అమెరికన్ డ్రమ్మర్ తాను బీటిల్స్ పాటలు ఎన్నింటికో వాయించానన్నాడు. బీటిల్స్ అబ్బీ రోడ్ స్టూడియో రికార్డింగుల్లో దానికి ఆధారం లేదు.

‘యూ రియల్లీ గాట్ మీ’ సోలో జిమ్మీ పేజ్‌దేనా?

కాదు, ఆ పాట చేసిన కింక్స్ బాండ్ గిటారిస్టు డేవ్ డేవీస్‌ది. పేజ్ కాదన్నాడు, ప్రొడ్యూసర్ షెల్ టాల్మీ కాదన్నాడు, అయినా ఈ పుకారు చావదు. ఆ బొంగురు శబ్దం డేవ్ తన చిన్న ఆంప్లిఫయర్ స్పీకరును బ్లేడుతో కోసి తెచ్చుకున్నది. అయితే పాటలో సెషన్ మనిషి ఉన్నాడు, డ్రమ్స్ దగ్గర బాబీ గ్రహమ్. ఆయన గురించి ఎవరూ పోట్లాడుకోరు, పాపం.

కేరల్ కే మోటౌన్ హిట్లకు బేస్ తానే వాయించానంటారు. ఎవరిని నమ్మాలి?

మోటౌన్ అరవైల మధ్యనుంచే లాస్ ఏంజెలెస్‌లోనూ సెషన్లు చేయించేది, కేరల్ కే వాటిలో వాయించారు. అక్కడిదాకా చిక్కు లేదు. డెట్రాయిట్‌లో పుట్టిన ఫలానా పెద్ద హిట్ కూడా తనదే అన్నప్పుడు మోటౌన్‌లో పనిచేసినవాళ్లు, జేమర్సన్ వాయిద్యాన్ని పరిశోధించినవాళ్లు ఒప్పుకోలేదు. నాకు వాళ్ల వాదనే బలంగా కనిపిస్తుంది. అలాగని ఆమెను అబద్ధాలకోరు అనడం మూర్ఖత్వం. రోజుకు రెండు మూడు సెషన్లు, చాలాసార్లు పాట పేరు కూడా తెలియకుండా వాయించినవాళ్ల జ్ఞాపకం అది. తిరుగులేకుండా ఆమెవైనవే కావలసినన్ని ఉన్నాయి.

‘హీ ఈజ్ ఎ రెబెల్’ పాడింది క్రిస్టల్స్ కాదా?

లేబుల్ మీద క్రిస్టల్స్ అనే అమ్మాయిల బృందం పేరు, గొంతులు డార్లీన్ లవ్, ఆమె బృందం బ్లాసమ్స్‌వి. 1962లో అదే పాటను ఇంకో కంపెనీ విడుదల చేయబోతోందని స్పెక్టర్‌కు తొందర. క్రిస్టల్స్ న్యూయార్క్‌లో ఉన్నారు, అతను లాస్ ఏంజెలెస్‌లో. దగ్గరున్నవాళ్లతో పాడించి, పేరున్నవాళ్ల పేరు వేసేశాడు. అది మొదటి స్థానానికి పోయింది, డార్లీన్ లవ్‌కు పేరు మాత్రం రాలేదు. వాద్యగాళ్ల పేర్లు దాచడం పరిశ్రమ అలవాటు అనుకున్నా, గాయని పేరే మార్చేయడం మోసం. దీనికి వేరే మాట వాడను.

## డబ్బు, పేరు

హిట్టయితే వాయించినవాళ్లకు రాయల్టీ వచ్చేదా?

పాటకింత అని రాయల్టీ లేదు. సెషన్ కూలీ, అంతే. పేరున్నవాళ్లు రెట్టింపు అడిగేవారు, సెషన్ నాయకుడికీ రెట్టింపు ఉండేది. యూనియన్ పోరాటంతో రికార్డు కంపెనీలు జమ చేసే నిధినుంచి ఏటా కొంత పంచడం మొదలైంది, కానీ అది ఫలానా హిట్‌కు వాటా కాదు. ‘పెనీ లేన్’లో అందరికీ గుర్తుండే ఆ చిన్న ట్రంపెట్ వాయించిన డేవిడ్ మేసన్‌కి 1967 జనవరిలో ముట్టింది 27 పౌండ్ల 10 షిల్లింగులు. మార్టిన్ కూడా 1965లో బయటికొచ్చి సొంత సంస్థ పెట్టేదాకా ఈఎంఐలో జీతగాడే.

అయితే అందరూ బీదరికంలో మగ్గారనుకోకండి. లాస్ ఏంజెలెస్‌లో పిలుపులు ఎడతెగకుండా వచ్చేవాళ్లు బాగానే గడించారు. డెట్రాయిట్ వాళ్లకు వారం జీతం, దాంతోపాటు బయట వాయించకూడదని ఆంక్ష. దొంగచాటుగా వెళ్లి వాయించేవారు. జాకీ విల్సన్ ‘హయ్యర్ అండ్ హయ్యర్’ (1967) వెనక ఉన్నది అలా షికాగో వెళ్లిన మోటౌన్ వాళ్లే.

కవర్ మీద పేర్లు ఎందుకు వేయలేదు?

అభిమానులు బాండ్ బొమ్మను కొంటారు, ఆ బొమ్మ చెదరకూడదు. అదీగాక మంచి వాద్యగాళ్ల పేరు బయటపడితే పోటీ కంపెనీ ఎత్తుకుపోతుందన్న భయం, ముఖ్యంగా మోటౌన్‌లో. ఫంక్ బ్రదర్స్ పేర్లు కవర్ మీద పద్ధతిగా అచ్చయింది 1971లో, మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’తో. మరుసటి ఏడాది కంపెనీ లాస్ ఏంజెలెస్‌కి మారిపోయింది. జేమర్సన్ 1983లో 47 ఏళ్లకే పోయాడు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వెనక వాయించేవాళ్ల కోసం విభాగం తెరిచినప్పుడు మొదటి జట్టులో ఆయన, బ్లెయిన్, పామర్ ఉన్నారు.

బ్లెయిన్ సంగతి వేరు. తాను వాయించిన స్వరాల కాగితాల మీద ‘హాల్ బ్లెయిన్ మళ్లీ కొట్టాడు’ అనే అర్థం వచ్చే రబ్బరు స్టాంపు గుద్దేవాడు. 1966 నుంచి 1971 దాకా వరసగా ఆరేళ్లు, గ్రామీల్లో ‘రికార్డ్ ఆఫ్ ది ఇయర్’ గెలిచిన ప్రతి పాటకూ డ్రమ్స్ ఆయనవే.

ఆడవాళ్లు ఒక్క కేరల్ కేనేనా?

ఆ రిథమ్ సెక్షన్‌లో రోజూ కనిపించింది ఆమె ఒక్కరే. క్లబ్బుల్లో జాజ్ గిటార్ వాయించే మనిషి 1963లో ఒక సెషన్‌కి బేసిస్టు రాకపోవడంతో బేస్ అందుకున్నారు. గ్లెన్ క్యాంప్‌బెల్ ‘విచిటా లైన్‌మన్’ (1968) మొదట్లో దిగివచ్చే బేస్ ఆమెదే. మధ్యలో సోలో క్యాంప్‌బెల్ వాయించిందీ ఆమె ఆరు తీగల బేస్ అడిగి తీసుకునే. వాద్యాలు దాటి చూస్తే పాటల రచనలో, వెనక పాడేవాళ్లలో ఆడవాళ్లు బోలెడంతమంది. ప్రొడ్యూసర్ కుర్చీ మాత్రం వాళ్లకు దాదాపు దక్కలేదు.

స్పెక్టర్ హంతకుడు కదా, అతని రికార్డులు ఎలా వింటారు?

2003లో నటి లానా క్లార్క్‌సన్ అతని ఇంట్లో తుపాకీ గుండుకు చనిపోయింది. 2009లో హత్యానేరం రుజువైంది, శిక్ష అనుభవిస్తూ 2021 జనవరిలో చనిపోయాడు. అంతకు ఎంతో ముందే, భార్యగా తనను ఇంట్లో బందీ చేసి పెట్టాడని రానీ స్పెక్టర్ రాసింది. ఇవి తెలిశాక వినలేనివాళ్లతో నాకు వాదన లేదు. నేను వింటాను. ‘బీ మై బేబీ’లో గొంతు రానీది, డ్రమ్స్ బ్లెయిన్‌వి, ఎకో గది గోల్డ్‌ది. అతని నేరానికి వాళ్లందరి పనినీ పాతిపెట్టడం నాకు న్యాయంగా తోచదు.

## మన వైపునుంచి చూస్తే

ఆ రికార్డుల్లో మన దేశపు వాద్యగాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు, వాళ్లదీ ఇదే కథ. బీటిల్స్ ‘రివాల్వర్’ (1966)లో ‘లవ్ యూ టూ’కి తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు కవర్ మీద వేశారు. మరుసటి ఏడాది ‘వితిన్ యూ వితౌట్ యూ’కి లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ నుంచి వచ్చినవాళ్ల పేర్లు లేవు. 1968 జనవరిలో జార్జ్ హారిసన్ బొంబాయి హెచ్ఎంవీ స్టూడియోలో తీసిన ‘ది ఇన్నర్ లైట్’ వెనక సరోద్ ఆశిష్ ఖాన్, వేణువు హరిప్రసాద్ చౌరాసియా.

మద్రాసు స్టూడియోల్లోనూ ఇంతే కదా?

పోలిక ఉంది. మన తెలుగు పాటలకు వాయించిన వయొలిన్, తబలా, గిటార్ కళాకారుల పేర్లూ రికార్డుల మీద లేవు. అక్కడ లియన్ రస్సెల్, క్యాంప్‌బెల్ సెషన్లలోంచి వచ్చి స్టార్లయినట్టే, ఇక్కడ ఇళయరాజా జి.కె. వెంకటేశ్ దగ్గర గిటార్ వాయించి, రెహమాన్ రాజ్–కోటి వంటివాళ్ల దగ్గర కీబోర్డు వాయించి వచ్చారు. తేడా ఏమిటంటే మన దగ్గర పాట బాండ్‌దని ఎవరూ అనుకోలేదు. సంగీత దర్శకుడి పేరు పోస్టర్ మీదే ఉండేది.

## ఇంకా లోతుకు వెళ్లాలంటే

మోనో వినాలా, స్టీరియో వినాలా?

స్పెక్టర్, 1966 దాకా బీచ్ బాయ్స్, బీటిల్స్ తొలి ఆల్బమ్‌లు అయితే మోనో, అంటే రెండు స్పీకర్లకు విడదీయకుండా అంతా ఒకటిగా కలిపినది. వాళ్లు చెవి పెట్టి మిక్స్ చేసింది అదే, కారు రేడియోలో మోగేదీ అదే. బ్రయన్‌కు ఒక చెవి దాదాపు వినపడేది కాదు కూడా. ఏ వాద్యం ఎవరిదో విడదీసి చూడాలనుకుంటే, తర్వాతి కాలంలో చేసిన స్టీరియో మిక్సులు పనికొస్తాయి.

లేబుల్ మీద నిడివి 3:05 అని ఉంది, పాట ఇంకా పెద్దది. తప్పు అచ్చా?

రైచస్ బ్రదర్స్ ‘యూ హావ్ లాస్ట్ దట్ లవిన్ ఫీలింగ్’ (1964) గురించైతే, కావాలనే. పాట మూడు నిమిషాల ముప్పావు దాకా ఉంటుంది. అంత పొడుగు పాటను రేడియో వాళ్లు వేయరని స్పెక్టర్ అలా అచ్చు వేయించాడు.

ఒక పాటకు ఎవరు వాయించారో రుజువు ఎక్కడ దొరుకుతుంది?

మొదట యూనియన్ కాంట్రాక్టు కాగితాలు. కూలీ చెల్లించడానికి తేదీ, స్టూడియో, పేర్లు, గంటలు రాసినవి. తర్వాత సెషన్ టేపులు. 1997లో వచ్చిన ‘పెట్ సౌండ్స్’ సెషన్ల పెట్టెలో బ్రయన్ కంట్రోల్ రూమునుంచి పేరు పెట్టి పిలిచి మరీ సరిదిద్దడం వినొచ్చు. ఇంటర్వ్యూలు, ఆత్మకథలు ఆ తర్వాతే. టామీ టెడెస్కో కొడుకు డెనీ తీసిన డాక్యుమెంటరీలాంటివి మనుషుల్ని తెలుసుకోవడానికి గొప్పవి, తేదీలు తేల్చడానికి కాదు. (2008లో మొదట చూపించిన ఆ సినిమా పాటల హక్కుల డబ్బు కట్టలేక 2015 దాకా థియేటర్లకు రాలేదు.)

కాగితాలకూ లోపాలున్నాయి. సొంత బాండ్ సభ్యుల పేర్లు ఒక్కోసారి ఉండవు, యూనియన్‌కు చెప్పకుండా చేసిన సెషన్లకు కాగితమే ఉండదు, వాయించని మనిషికి డబ్బు ముట్టజెప్పడానికి పేరు చేర్చినవీ ఉన్నాయి. కాగితం మీద పేరున్నా, ఆ రోజు టేక్ పక్కన పడేసి ఇంకో రోజుది విడుదల చేసి ఉండొచ్చు. అందుకని కాగితంలో తేదీ చూశాక, విడుదలైన టేక్ ఆ రోజుదేనా అన్నది టేపుతో సరిచూసుకోండి.